గాలి పీల్చి ఆపండి

మా బ్యాచ్‌లో అందరికంటే సుఖపడ్డది నేనే. మిగతావాళ్లు గంటలకొద్దీ నిలబడి, ఒక చేత్తో ఒంటికి ఆనించే ప్రోబ్ పట్టుకుని, రెండో చేత్తో మెషీను మీటలు తిప్పుతూ, మెడ వంకరపెట్టి స్క్రీన్‌లోకి చూస్తుంటే నేను హాయిగా మంచం మీద పడుకునేదాన్ని. అల్ట్రాసౌండ్ స్కానింగ్ నేర్చుకునే చోట ఎవరో ఒకరు పేషెంటులా పడుకోవాలి కదా. "ఇవాళ ఎవరు పడుకుంటారు?" అని మా మేడం అడగడం ఆలస్యం, నా చెయ్యి లేచేది.

నేను పుల్లలా ఉంటాను. సన్నటి ఒంట్లో కొవ్వు అడ్డం రాదు కాబట్టి తెర మీద అన్నీ శుభ్రంగా కనిపిస్తాయి. పైగా పొద్దున ఏమీ తినకుండా వెళ్లేదాన్ని. నియమం కోసం కాదు, తినే తీరిక లేక. కడుపు ఖాళీగా ఉంటే పిత్తాశయం నిండుగా ఉంటుంది, గ్యాసు అడ్డం రాదు. కాలేయం, ప్లీహం, మూత్రపిండాలు, ఎవరికి ఏది కావాలంటే అది ఎదురుగా ఉండేది. నాకు 'అద్దాల బీరువా' అని పేరు పెట్టారు. మా బ్యాచ్‌లో ఎవరి ప్రాక్టీసు స్కాన్ బొమ్మలు తిరగేసినా నా కాలేయమే కనిపిస్తుంది. ఇంత మందికి పనికొచ్చిన కాలేయం ఊళ్లో ఇంకోటి ఉండదు.

అసలు సంగతి మాత్రం నిద్ర. ఇంట్లో మూడేళ్ల పిల్ల. మా ఆయన సరుకుల లారీ నడుపుతాడు, ఇంట్లో కనబడేది తక్కువ, ఫోన్లో వినబడేది ఎక్కువ. రాత్రి చిట్టికి దగ్గు, చిట్టికి దాహం, చిట్టికి పీడకల. తెల్లారితే వంట, రెండు బస్సులు. అంత అవస్థ పడి వస్తే ఇక్కడ మసకచీకటి, చల్లటి గది, పొట్ట మీద వెచ్చటి జెల్. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు. పక్కటెముకల సందుల్లో ప్రోబ్ పెట్టి పొడుస్తున్నా నాకు కళ్లు మూతలు పడేవి. నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో మేడం గొంతు వినిపిస్తూ ఉండేది. "గాలి పీల్చండి... ఆపండి... వదలండి."

ఆవిడకు మేం పెట్టిన పేరు ఊపిరి మేడం. కాలేయం పక్కటెముకల వెనక దాక్కుంటుంది, ఊపిరి గట్టిగా పీల్చి ఆపితే కిందికి జారి కనిపిస్తుంది. అందుకని ఆ మూడు మాటలూ ఆవిడ నాలుక మీద నాటుకుపోయాయి. ఎవరైనా ఇంటి గొడవలు ఏకరువు పెడుతుంటే కూడా మధ్యలో "ఆపండి... వదలండి" అనేసేది. ఈ ఉద్యోగంలో ఆవిడ కుడి భుజం అరిగిపోయింది. తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేవదు, ఎడమచేత్తో స్కాన్ చేస్తుంది. ఆ మనిషిని చూసినప్పుడల్లా మేమంతా మా భుజాలు తడుముకునేవాళ్లం.

ఒకరోజు నా పొట్ట మీది జెల్ తుడుచుకోమని కాగితం ఇస్తూ అంది, "అమ్మా, నువ్వు పడుకోవడంలో ఫస్టు. కానీ పరీక్షలో చూసేది నీ చెయ్యిని, నీ లివర్‌ని కాదు."

"రేపట్నుంచి నిలబడతాను మేడం," అన్నాను. మర్నాడు ఆవిడ "ఎవరు పడుకుంటారు?" అనగానే మళ్లీ నా చెయ్యే లేచింది. అలా రెండో ఏడు సగం గడిచేదాకా నేను నేర్చుకున్నదానికంటే నా మీద నేర్చుకున్నదే ఎక్కువ. ఆ తర్వాత భయం పట్టుకుని నిలబడ్డాను గానీ, అప్పటికి మిగతావాళ్ల చేతులు నాకంటే చాలా ముందుకెళ్లిపోయాయి.

నేను ట్రైనింగ్‌కి వెళ్తే చిట్టిని చూసుకునేది మా వదిన, మా ఆయనకు అక్క. మేము కింద, ఆమె మేడ మీద గదిలో. రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. తెల్లవార్లూ నిలబడి వేడి వేడి రొట్టెలు సంచుల్లో సర్ది, పొద్దున్నే వచ్చి, మొహం కడుక్కుని, నా చంకలోంచి చిట్టిని అందుకునేది. చిట్టి పగలు నిద్రపోయే రకం కాదు, కాబట్టి మా వదినకూ నిద్ర ఉండదు. సాయంత్రం నేను వచ్చాక పైకెళ్లి, మళ్లీ డ్యూటీకి బయల్దేరేదాకా దొరికిన ఆ కాసేపే ఆమె పడుకునేది. మనిషి సణుగుతుంది, సాధిస్తుంది, నా వంటకు వంకలు పెడుతుంది. కానీ ఒక్క పొద్దున కూడా రాకుండా ఉండలేదు.

పరీక్షలు దగ్గరపడుతుండగా ఒకరోజు చిట్టిని దించి మెట్ల మీదే కూలబడింది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"అమ్మాయ్, ఈ ఏడాదితో సరి. ఇంకో ఏడాదంటే నా వల్ల కాదు. మొన్న రొట్టెలు సర్దుతూ సర్దుతూ నిలబడే కల కన్నాను. కలలో కూడా రొట్టెలే."

"పాసైతే మేడం వాళ్ల స్కానింగ్ సెంటర్లోనే ఉద్యోగం ఇస్తామన్నారు వదినా."

"కాకపోతే?"

కాకపోతే ఇంకో ఏడాది ఇదే చదువు, ఇదే నిద్ర లేకపోవడం. నా నిద్ర సంగతి సరే, ఆమెది కూడా. ఆ మాట ఇద్దరికీ తెలుసు కాబట్టి ఎవరమూ అనలేదు.

మా పరీక్షకో పద్ధతి ఉంది. ఎవరి పేషెంటును వాళ్లే వెంటబెట్టుకుని రావాలి. తోటి విద్యార్థుల్ని పడుకోబెట్టకూడదు. దాంతో బ్యాచ్ మొత్తం సన్నటి మనుషుల వేటలో పడింది. కళ్లద్దాలమ్మాయి ఈతపోటీలకు వెళ్లే తమ్ముణ్ణి మాట్లాడిపెట్టుకుంది. ఇంకొకరు అన్నం సరిగా తినని కూతుర్ని. నాకెవరూ దొరకలేదు. మా ఆయన లారీతో ఎక్కడో ఉన్నాడు. పక్కింటావిడను అడిగితే "ఉన్న రోగం ఏదైనా బయటపడితే? తెలియకుండా ఉన్నదాన్ని తెలుసుకుని ఏడవడమెందుకు?" అని తలుపు దగ్గరికేసింది. ఇంత మందికి నా కాలేయం ధారపోస్తే, నాకు కావలసినప్పుడు అరువిచ్చే నాథుడు లేడు.

చివరికి మా వదిననే అడిగాను.

"ఏం చెయ్యాలి?"

"రాత్రి నుంచి ఏమీ తినకూడదు. వచ్చి మంచం మీద పడుకోవాలి."

"పడుకోవాలా?" అని రెట్టించి అడిగింది. "ఎంతసేపు?"

"ముప్పావుగంట."

"వస్తా," అంది.

పరీక్షకు ముందు ఒకసారి అలవాటు చేద్దామని తీసుకెళ్లాను. అప్పుడు తెలిసింది అసలు ముప్పు. మా వదిన లావు. అదొక కష్టం. అంతకు మించి ఆమెకు చక్కిలిగింతలు. ప్రోబ్ తగలగానే మంచం మీద మెలికలు తిరిగిపోయింది. "గాలి పీల్చు వదినా... ఆపు" అంటే పీల్చింది, ఆపలేక పకపకా నవ్వింది. నవ్వుతో పొట్ట బల్లచెక్కలా బిగుసుకుంది. "అయ్యో, నువ్వు నొక్కకే తల్లీ, ప్రాణం పోతోంది," అంటూ నా మణికట్టు పట్టుకుని తోసేసింది. తెర మీద బూడిదరంగు తప్ప ఏమీ లేదు. అంత సణిగే మనిషి అలా చిన్నపిల్లలా నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది. మేడంకి రాలేదు.

"ఈవిడతో నువ్వు గట్టెక్కవు. ఇంకెవరినైనా చూసుకో," అంది.

"ఇంకెవరూ లేరు మేడం."

మేడం తన పాడైన భుజాన్ని రెండో చేత్తో పట్టుకుని మెషీను ఆపేసింది.

పరీక్షరోజు మా వదిన ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వచ్చింది. జుట్టుకు కట్టుకున్న గుడ్డ కూడా విప్పలేదు, ఒళ్లంతా రొట్టె వాసన. చిట్టిని ఆ ఒక్క పూటకు పక్కింటావిడ ఉంచుకుంటానంది, పొట్ట చూపించమంటే భయం గానీ పిల్లను చూడమంటే కాదట. వరండాలో మా వంతు కోసం కూర్చున్నప్పుడు వదిన రెండుసార్లు ముందుకు తూలింది. కాఫీ తాగుతాననలేదు, ఆకలి అనలేదు. "నవ్వు రాకుండా ఏదైనా ఏడుపు సంగతి తలుచుకుంటాలే," అని నాకే ధైర్యం చెప్పింది.

లోపల పరీక్ష పెట్టే పెద్దడాక్టరు మార్కుల కాగితం పెట్టుకుని కూర్చున్నారు. వేరే చోటి నుంచి వచ్చినాయన. మేడం గోడవారగా నిలబడింది. వదిన మంచం ఎక్కి పడుకుంది. "జెల్ రాస్తున్నా వదినా," అన్నాను. "ఊఁ," అంది. వయసు, వివరాలు మెషీనులో కొట్టి ఇటు తిరిగేసరికి గురక.

మామూలు గురక కాదు. ఎన్నాళ్ల నుంచో బాకీ పడ్డ నిద్ర ఒక్కసారి వచ్చి మీద పడితే వచ్చే గురక. నోరు కొద్దిగా తెరుచుకుంది. రెండు చేతులూ పక్కలకు పడి ఉన్నాయి.

"పేషెంటు నిద్రపోయింది," అన్నారు డాక్టరు.

"అవునండీ."

"లేపమ్మా. గాలి పీల్చి ఆపమని చెప్పాలిగా."

భుజం మీద చెయ్యి వేశాను. తట్టి లేపాలి. లేపితే నవ్వుతుంది, బిగుసుకుంటుంది, నా పని అయిపోతుంది. లేపకపోతే ఆ మూడు మాటలకున్న మార్కులు పోతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయితే నిజం చెప్పాలంటే నేను ఆ లెక్క వేసుకుని ఆగలేదు. ఆమె మొహం చూసి ఆగాను. రెండేళ్లుగా రోజూ పొద్దున చూసిన మొహమే. కనుబొమల మధ్య ఎప్పుడూ ఒక ముడి ఉండేది, అది పుట్టుకతో వచ్చిందనుకునేదాన్ని. ఇప్పుడది లేదు.

"లేపకుండా చేస్తానండీ," అన్నాను.

"సూచనలకు మార్కులున్నాయి."

"పోతే పోనివ్వండి."

మేడం గోడ దగ్గర చిన్నగా దగ్గింది. నాకు వినపడనట్టు ప్రోబ్ అందుకున్నాను.

మొదట పక్కటెముకల సందులోంచి చూశాను. నిద్రలో ఆమె ఊపిరి నిదానంగా, లోతుగా సాగుతోంది. ప్రతి ఊపిరికీ కాలేయం తనంత తానే కిందికి జారి, మళ్లీ పైకి పోతోంది. ఆపమని చెప్పలేను కాబట్టి అది వచ్చేదాకా కాచుకుని, వచ్చినప్పుడు బొమ్మ పట్టుకోవాలి. ఒకటి తప్పిపోయింది. రెండోది తప్పిపోయింది. మూడోసారి దొరికింది. పిత్తాశయం దొరికింది, రాత్రి నుంచి ఏమీ తినలేదు కదా, నిండుగా ఉంది. కుడి మూత్రపిండం కూడా.

క్లోమం దగ్గర గ్యాసు అడ్డొచ్చింది. అందరికీ వస్తుంది. నా మీద నేర్చుకున్నవాళ్లలో కొందరు అక్కడ గబుక్కున నొక్కేవాళ్లు, నా పొట్ట నాకు తెలియకుండానే ఎదురుతిరిగేది. కళ్లద్దాలమ్మాయి మాత్రం నేను ఊపిరి వదిలినప్పుడల్లా కొంచెం కొంచెం బరువు మోపేది, ఆ అమ్మాయి చెయ్యి లోపలికి దిగుతున్నట్టే తెలిసేది కాదు. ఆ బరువు నా పొట్టకు గుర్తుంది. వదిన ఊపిరి వదిలింది, కొంచెం మోపాను. మళ్లీ వదిలింది, ఇంకొంచెం. మేలుకుని ఉంటే ఈపాటికి నన్ను గోడకు తన్నేది. గ్యాసు పక్కకు తప్పుకుంది, సన్నటి క్లోమం బయటపడింది.

మిగిలింది ఎడమవైపు. ప్లీహం వీపు వెనగ్గా ఉంటుంది. నేను కుడివైపు నిలబడ్డాను కాబట్టి ఆమె మీదుగా పూర్తిగా వంగాలి. ఎవరి వేళ్ల కణుపులు పరుపుకు ఆనేదాకా దిగేవో వాళ్లకే నా ప్లీహం దొరికేది. నా చెయ్యీ అలాగే దించాను. భుజం భగ్గుమంది. ఆ వంగడంలో నా నడుము పక్కన పడి ఉన్న ఆమె కుడిచేతికి తగిలింది.

ఆ చెయ్యి కదిలింది. లేచిపోయిందనుకుని ప్రోబ్ కదపకుండా ఆగాను. లేవలేదు. నిద్రలోనే నా నడుము మీద మెల్లగా తట్టడం మొదలుపెట్టింది. జోకొట్టినట్టు.

"ఊఁ... ఊఁ... లేదు తల్లీ... అమ్మ వచ్చేస్తుంది... పడుకో," అంది.

చిట్టి పగలు నిద్రపోదని నేను అందరికీ చెప్పుకునేదాన్ని. దాన్ని పడుకోబెట్టాలని రోజూ ఎంతసేపు ఇలా తట్టేదో ఎప్పుడూ ఆలోచించలేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే చెయ్యి వణుకుతుంది, చెయ్యి వణికితే బొమ్మ చెదురుతుంది. అందుకని గట్టిగా గాలి పీల్చి ఆపాను. ఆమెకు చెప్పాల్సిన మాట నేనే పాటించాను. ఆ చెయ్యి తడుతూనే ఉంది. తెర మీదికి ప్లీహం వచ్చింది, దాని వెనకే ఎడమ మూత్రపిండం. బొమ్మలు తీసుకుని, అప్పుడు వదిలాను.

గడువు దాటడానికి కాస్త ముందు ముగించి, జెల్ తుడిచి, ఆమె పొట్ట మీద దుప్పటి కప్పాను. తుడుస్తుంటే మెలకువ వచ్చింది. కళ్లు నులుముకుంటూ చుట్టూ చూసింది.

"ఇంకా మొదలెట్టలేదేం?"

"అయిపోయింది వదినా."

"అయ్యో, నేను నవ్వనే లేదే," అంది అయోమయంగా.

వరండాలో చాలాసేపు కూర్చున్నాం. నేను కొనుక్కొచ్చిన బిస్కెట్లు ఆమె ఒక్కొక్కటే తింది. అందరివీ అయ్యాక మేడం బయటికొచ్చింది.

"సూచనల దగ్గర సున్నా. ఒక్క మాట కూడా అనలేదని డాక్టరుగారు ఎర్రసిరాతో గీత పెట్టారు," అంది. నా మొహం పాలిపోయి ఉంటుంది, వెంటనే అంది, "బొమ్మలు బాగున్నాయి. అంచు మీద గట్టెక్కావు. పాసు."

నేను లేచి దణ్ణం పెట్టాను.

"ఆ చెయ్యి ఎవరు నేర్పారు నీకు? నేను మాత్రం కాదు."

"నా మీద చేసినవాళ్లే, మేడం."

మేడం నవ్వింది. మా వదిన మాత్రం సున్నా దగ్గరే ఆగిపోయింది. "సున్నా ఎందుకొచ్చింది?" అని మేడంని నిలదీసింది.

"మిమ్మల్ని లేపనందుకు."

వదిన నావైపు తిరిగింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది. నేనొచ్చింది దేనికి? పరీక్ష పోయుంటే? ఒక్క దెబ్బ వేసి లేపలేకపోయావా?" వరండాలో వాళ్లంతా చూస్తున్నా ఆగలేదు. తిట్టి తిట్టి, చివరికి బిస్కెట్ల కాగితం ఉండచుట్టి నా చేతిలో పెట్టింది.

అప్పుడు మేడం అంది, "సోమవారం నుంచి వచ్చెయ్. పొద్దుటి షిఫ్టు. ఏడింటికల్లా మెషీను దగ్గరుండాలి."

వదిన నన్ను చూడలేదు. జుట్టు మీది గుడ్డ విప్పి, దులిపి, మళ్లీ కట్టుకుంది. 'ఈ ఏడాదితో సరి' అన్న మాట తను అన్నది తనకే గుర్తొచ్చి, దాన్ని మింగేస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. ఉద్యోగం వస్తే ఆమెకు నిద్ర వస్తుందని ఇద్దరమూ అనుకున్నాం. ఏడింటికి నేను వెళ్లాలంటే చిట్టి మళ్లీ ఆమె చంకకే వస్తుందని ఎవరమూ అనుకోలేదు.

"మేడం, మధ్యాహ్నం షిఫ్టు ఇవ్వండి," అన్నాను.

"పిచ్చా? ఖాళీ కడుపుతో వచ్చే కేసులన్నీ పొద్దునే. మధ్యాహ్నం వచ్చేవి అరాకొరా. ఇప్పుడిప్పుడే కుదురుతున్న చెయ్యి, మొద్దుబారిపోతుంది. ఆ షిఫ్టు ఎవరూ అడగరు."

"నేను అడుగుతున్నాను కదండీ."

మేడం నన్ను చూసింది, మా వదినను చూసింది. "సరే," అంది. "భుజం జాగ్రత్త." తన భుజం పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

మా వదినా నేనూ బస్సు కోసం బయల్దేరాం. నా భుజం సలుపుతోంది, ఆమె కాళ్లు ఈడుస్తోంది. ఇద్దరం చెరో పక్కకు ఒరిగి నడుస్తున్నాం. పాసయ్యానన్న సంతోషం ఎక్కడో ఉంది, దాన్ని వెతుక్కునే ఓపిక లేదు.

"మధ్యాహ్నం మరి చిట్టిని ఎవరు చూస్తారు?" అంది వదిన.

"నువ్వే."

"అదేలే. అప్పటికి లేస్తాను." నాలుగడుగులు వేసి మళ్లీ ఆగింది. "పొద్దున డ్యూటీ నుంచి రాగానే తిన్నగా పైకెళ్లిపోతాను. మధ్యాహ్నమైనా లేవకపోతే?"

"లేపను వదినా."

"మరి నీ డ్యూటీ?"

"చిట్టిని నీ పక్కలో వేసి వెళ్తాను. నిద్రలో కూడా జోకొడతావుగా."

"నేనా?" అంది నమ్మకుండా. తన కుడిచేతిని ఒకసారి చూసుకుంది. బస్సు వచ్చింది, ఎక్కాం.